ఏడు సీసాలు

కోడి కాలి ఎముకను రెండు చేతులతో పట్టుకుని వంచితే పుటుక్కుమని విరగాలి. ఇది విరగలేదు. పచ్చి కొమ్మలా వంగింది, వదలగానే బద్ధకంగా వెనక్కి వచ్చింది. బూడిదమ్మ దాన్ని మళ్ళీ వంచి చూసింది. మళ్ళీ అంతే.

దాణా మిల్లు మేడ మీద ఒక మూల గదిలో ల్యాబ్ ఉంది. పద్నాలుగేళ్ళుగా ఆ గది ఆవిడదే. దాణానూ ఎముకలనూ కాల్చి, మిగిలిన బూడిదలో ఏది ఎంత ఉందో తేల్చి చెప్పడం ఆవిడ పని. బూడిదమ్మ అనే పేరు పెట్టింది సొంత తమ్ముడే. అతను కింద మిక్సర్ నడుపుతాడు. "పెళ్ళికి ముందు మా అక్క రోజూ అన్నం మాడ్చి అమ్మ చేత తిట్లు తినేది. ఇప్పుడు ఎముకలు మాడ్చి జీతం తీసుకుంటోంది" అని కనబడిన వాళ్ళందరికీ చెప్పి నవ్వించేవాడు. పేరు అలా అతుక్కుపోయింది. ఆవిడా పట్టించుకోలేదు.

బల్లకు అవతల ఒకావిడ నిలబడి ఉంది. మూడు వేల కోళ్ళ షెడ్డు ఆవిడది. రెండు బస్సులు మారి, వెదురు బుట్టలో పన్నెండు కోళ్ళను పెట్టుకుని వచ్చింది. వాటిలో తొమ్మిది బతికే ఉన్నాయి కానీ ఒక్కటీ లేచి నిలబడలేదు. రొమ్ము నేలకు ఆనించి, కాళ్ళు రెండు పక్కలకూ చాపి, తలలు మాత్రం అటూ ఇటూ తిప్పుతున్నాయి.

"పద్దెనిమిదో రోజు నుంచి కూలబడటం మొదలెట్టాయమ్మా" అంది కోళ్ళావిడ. "మేత తొట్టి జానెడు దూరంలో ఉంటుంది. అక్కడిదాకా పోలేవు. నేనే గుప్పెట్లో పోసుకుని ముక్కు దగ్గర పెడుతున్నా. మూడు వేల ముక్కులు. ఎన్నింటికని పెట్టను?"

తలుపు దగ్గరే నిలబడి వింటున్న మేనేజరు లోపలికి వచ్చాడు. సన్నటి మనిషి, ఎప్పుడూ మెల్లగా మాట్లాడతాడు. "కింద పరిచిన పొట్టు తడిసి ఉంటుందమ్మా. తడి పొట్టు మీద తిరిగితే కాళ్ళు పట్టేస్తాయి. దాణాలో ఏ లోపమూ లేదు."

"నా షెడ్డు మీరు చూశారా సార్?"

"చూడక్కర్లేదు. ఇరవై ఏళ్ళుగా ఇదే పనిలో ఉన్నా."

"పొట్టు రోజూ తిరగేస్తున్నా సార్. ఇదుగో చూడండి" అని ఆవిడ రెండు అరచేతులూ చాపింది. వేళ్ళ మొదళ్ళలో కాయలు పగిలి ఎర్రగా ఉన్నాయి. మేనేజరు అప్పటికే ఫోను చూసుకుంటున్నాడు. ఆవిడ కాసేపు చేతులు అలాగే ఉంచి, తర్వాత కొంగులో దాచుకుంది.

ఆ చేతులు దాచుకోవడం చూసి బూడిదమ్మ ఊరుకోలేకపోయింది. "ఎముకలు కాల్చి చూస్తాను సార్. గురువారానికి లెక్క తేలుతుంది."

"చూడండి, దానికేం" అన్నాడు మేనేజరు, తలెత్తకుండానే.

*

సోమవారం మధ్యాహ్నం బతికున్న తొమ్మిదింటినీ చంపి, పన్నెండు కోళ్ళ కాళ్ళూ కోసి, నీళ్ళలో ఉడికించింది. వేడిగా ఉండగానే చేతి తొడుగులు వేసుకుని కండ అంతా ఒలిచింది. చివర్లలో టోపీల్లా ఉండే మెత్తటి భాగాన్ని చాకు మొనతో తీసేసింది. మామూలు కోడికైతే ఆ టోపీ కింద ఎముక గట్టిగా చాకుకు తగులుతుంది. వీటికి చాకు ఎక్కడ ఆగాలో తెలియడం లేదు. ఒలిచిన ఎముకలను రాత్రంతా ఓవెన్‌లో ఆరబెట్టి, మర్నాడు కొవ్వు పోవడానికి ఈథర్‌లో నానేసి, మళ్ళీ ఆరబెట్టి తూచింది. బుధవారం సాయంత్రం ఒక్కో ఎముకనూ ఒక్కో పింగాణీ మూసలో పెట్టి, కొలిమి ఆరు వందల డిగ్రీలకు పెట్టి ఇంటికి వెళ్ళింది.

గురువారం పొద్దున కొలిమి తలుపు తీసేసరికి మూసల్లో తెల్లటి బూడిద ఉంది. అడుగున అంటుకుని, గట్టిగా ఊదితే లేచిపోయేటట్టు ఉంది. ఊపిరి బిగబట్టి ఒక్కోటీ తూచింది. నూరు పాళ్ళ ఎముకలో యాభై పాళ్ళు బూడిద రావాలి. ముప్పై ఆరు వచ్చింది. రెండోది ముప్పై ఐదు. తూకం తప్పేమోనని త్రాసు సరిచేసి మళ్ళీ తూచింది. పన్నెండింటిలో ఒక్కటి కూడా నలభై దాటలేదు.

పొట్టు తడిస్తే కాళ్ళకు పుళ్ళు పడతాయి గానీ ఎముకలో సారం పోదు. ఇది భాస్వరం కరువు. ఆవిడకు అది అద్దంలో మొహం చూసుకున్నంత స్పష్టంగా తెలిసిపోయింది.

గింజల్లోనూ నూనె తీసిన చెక్కలోనూ భాస్వరం దండిగానే ఉంటుంది. కాకపోతే దానికి తాళం వేసి ఉంటుంది. ఆ తాళం తీసుకునే శక్తి కోడి కడుపుకు లేదు. తిన్నది తిన్నట్టే రెట్టలో పోతుంది. అందుకని దాణాలో రాతి భాస్వరం పొడి, తెల్లటిది, కలిపేవాళ్ళు. రెండు నెలల కిందట ఆ పొడి ఖరీదు పెరిగిందని మేనేజరు దాన్ని సగానికి పైగా తగ్గించాడు. బదులుగా తాళం తీసే ఎంజైము వేయించడం మొదలుపెట్టాడు. ఇసుకరంగు పొడి, ఒక్కో బ్యాచ్‌కు రెండు వందల గ్రాములు. దాన్ని చిన్న స్టీలు గిన్నెలో తూచి మిక్సర్‌లో ఒంపేది బూడిదమ్మ తమ్ముడు.

అంతదూరం ఆవిడ ఆలోచించలేదు. అంకెలు వేసి, అడుగున "భాస్వర లోపం, షెడ్డు నిర్వహణకు సంబంధం లేదు" అని రాసి సంతకం పెట్టింది. కోళ్ళావిడ పగిలిన చేతులే కళ్ళ ముందున్నాయి.

మేనేజరు కాగితం రెండుసార్లు చదివాడు. ఆవిడ గొడవకు సిద్ధపడి వెళ్ళింది. గొడవేం జరగలేదు.

"బాగా చేశారు" అన్నాడాయన. "ఆవిడకు మంచి దాణా పంపిద్దాం. తప్పు మనవైపే ఉంటే ఒప్పుకోవాలి కదా."

మెట్లు దిగుతుంటే బూడిదమ్మకు ఒళ్ళు తేలికపడింది. ఆ మధ్యాహ్నం తమ్ముడితో కలిసి బస్తాల నీడలో భోజనం చేస్తూ ఆ మాటే చెప్పింది. అతను ఆవిడ డబ్బాలోంచి కూర అడక్కుండానే తీసుకుంటూ, "చూశావా, నీ బూడిదకు కూడా విలువుందే" అన్నాడు.

*

శుక్రవారం పదింటికి తమ్ముణ్ణి పైకి పిలిచారు. గంటన్నర తర్వాత కిందికి వచ్చాడు. మిక్సర్ దగ్గర అప్పటికే వేరేవాడు నిలబడి ఉన్నాడు.

బూడిదమ్మకు సంగతి ప్యూను ద్వారా తెలిసింది. కోళ్ళకు భాస్వరం అందలేదని ల్యాబే తేల్చిందట. అందలేదంటే ఎంజైము పడలేదనేగా. ఎంజైము వేసేది మిక్సర్ మనిషి. అంతే, మూడు ముక్కల్లో అయిపోయింది.

ఆవిడ పరుగులాంటి నడకతో కిందికి వెళ్ళింది. తమ్ముడు కుళాయి దగ్గర మొహం కడుక్కుంటున్నాడు. కడుక్కున్న మొహాన్నే మళ్ళీ కడుక్కుంటున్నాడు.

"వేయలేదన్నావా?"

"వేశాననే చెప్పానక్కా."

"మరి?"

"ఏ రోజు, ఏ బ్యాచ్‌లో, గుర్తుందా అన్నారు. ఎలా గుర్తుంటుంది? రోజుకు పదిహేను సార్లు అదే గిన్నె, అదే పొడి. నువ్వు నిన్న పళ్ళు తోముకున్నది గుర్తుందా నీకు?" అతను నవ్వబోయి మానేశాడు. "పొద్దుటి నుంచి అదే తల్చుకుంటున్నా. గిన్నె తూచినట్టు గుర్తుంది. ఒంపినట్టు కూడా ఉంది. కానీ అది ఏ రోజుది? ఆ వారంలో చిన్నదానికి జ్వరం, నిద్ర లేదు నాకు. ఏమో అక్కా, నిజంగానే మర్చిపోయానేమో."

"ఒకసారి మర్చిపోతే కోళ్ళు కూలబడవురా. అన్ని బస్తాలూ పాడైతేనే ఇలా అవుతుంది."

"అన్నిసార్లూ మర్చిపోయానేమో" అన్నాడు అతను. గొంతులో ఎక్కడా వేళాకోళం లేదు.

ఆ సాయంత్రం ఆవిడ వాళ్ళింటికి వెళ్ళింది. రెండు గదుల ఇల్లు, ముందు గదిలో పిల్లలు హోంవర్కు చేసుకుంటున్నారు. మరదలు వంటింటి గడపలో కూర్చుని ఉంది. కూర్చోమనలేదు.

"మీ లెక్క మా కొంప ముంచింది వదినా" అంది.

"నేను రాసింది ఎముకల సంగతి. మీ ఆయన పేరు రాయలేదు."

"మీరు రాయక్కర్లేదు. వాళ్ళే అందులో చదువుకున్నారు." గొంతు తగ్గించింది. "మీరు రాసింది తప్పని కూడా అనలేను నేను. ఈయన సంగతి నాకు తెలీదా? స్టవ్ ఆర్పడం మర్చిపోతాడు, తాళాలు తలుపుకే వదిలేస్తాడు. స్కూలు నుంచి పెద్దదాన్ని తీసుకురావడం ఒకసారి మర్చిపోయాడు, వానలో నిలబడి ఉంది పిల్ల. మనిషి మంచివాడే. కానీ మర్చిపోతాడు."

గోడ పక్కన చాప మీద పడుకున్న తమ్ముడు అంతా వింటున్నాడు. కాదనలేదు.

*

మిక్సర్‌లో కలిపిన దాణా పిండికి ఆవిరి పట్టించి గుళికలు చేస్తారు. ఆవిరి పెట్టే ముందు పిండిలో తేమ ఎంతుందో చూడాలి. అందుకని మిక్సర్ నుంచి వచ్చే ప్రతి బ్యాచ్‌లోంచి ఒక గిద్దెడు పిండి ల్యాబ్‌కు వస్తుంది. తేమ చూడగా మిగిలింది సీసాలో పోసి, చీటీ అంటించి, నెల్లాళ్ళు దాచడం ఆవిడ అలవాటు. ఎవరూ దాచమనలేదు. పారేయడానికి మనసొప్పక దాస్తుంది. శనివారం పొద్దున ఇంకా ఎవరూ రాకముందే అలమార తెరిచి, కోళ్ళావిడ షెడ్డుకు వెళ్ళిన బ్యాచ్‌లు ఏవేవో చూసుకుంది. ఏడు. ఏడు సీసాలూ ఉన్నాయి. అవే బ్యాచ్‌ల గుళికలు, ఆవిరి తగిలి గుళికల మెషిన్లోంచి బయటికి వచ్చినవి, మరో అరలో కవర్లలో ఉన్నాయి.

పద్నాలుగింటినీ నూరి, నీళ్ళలో కలిపి, వడగట్టింది. తాళం వేసి ఉన్న భాస్వరం ద్రావణం అన్నింటిలోనూ ఒకే కొలతన పోసి, గోరువెచ్చటి నీళ్ళ తొట్టిలో గంటసేపు ఉంచింది. ఎంజైము బతికుంటే ఆ గంటలో తాళం తీస్తుంది. తీస్తే, చివర్న వేసే మందుకు నీళ్ళు పసుపుపచ్చబడతాయి. చచ్చిపోయి ఉంటే పచ్చబడవు.

ఆ గంటలో ఆవిడ కిందికి వెళ్ళి ఆవిరి డ్రమ్ము మీటరు చూసింది. తొంభై రెండు డిగ్రీలు. ఆరు వారాల కిందట గుళికల్లో క్రిములున్నాయని ఎవరో ఫిర్యాదు చేస్తే, మేనేజరే వేడి పెంచమన్నాడు. ఎంజైము బస్తా మీది కాగితంలో చిన్న అక్షరాల్లో ఉంది: ఎనభై దాటితే పనిచేయదు. ఆ కాగితం ఎవరూ చదవలేదు. తనూ చదవలేదు.

పైకి వచ్చి గాజు గొట్టాల్లో మందు చుక్కలు వేసింది. మొదటి వరస, పిండివి, ఒకటి తర్వాత ఒకటి పచ్చబడ్డాయి. ఒకటి, రెండు, మూడు. ఏడూ. అన్నింటిదీ ఒకే ముదురు పసుపు, ఒకే చెయ్యి ఒకే గిన్నెతో కొలిచి పోసినట్టు. రెండో వరస, గుళికలవి, ఉందా లేదా అన్నంత లేత రంగుకు వచ్చి ఆగిపోయాయి.

వాడు వేశాడు. ప్రతిసారీ వేశాడు.

గొట్టాల స్టాండు రెండు చేతులా పట్టుకుని, తొణక్కుండా మెల్లగా నడుస్తూ మేనేజరు గదికి వెళ్ళింది. బల్ల మీద పెట్టి ఏది ఏమిటో చెప్పింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. రెండు వరసలనూ చాలాసేపు చూశాడు. అర్థం కాక కాదు. తనెప్పుడో అర్థం చేసుకుని ఉండాల్సింది ఇప్పుడు ఎదురుగా పెట్టారని ఆ మొహంలో తెలుస్తూనే ఉంది.

"ఇవి ఎవరికైనా చూపించారా?"

"లేదు సార్."

ఆయన సొరుగు లాగి ఒక కాగితం తీసి ఆవిడ ముందుకు తోశాడు. తమ్ముడి దస్తూరీ. 'ఎంజైము వేయుట మరచితిని. ఇది నా నిర్లక్ష్యమే. దయచేసి నన్ను వేరొక పనిలో ఉంచవలసిందిగా కోరుచున్నాను.' కింద సంతకం, నిన్నటి తేదీ. కోరుచున్నాను అనే మాట వాడు పుట్టి బుద్ధెరిగాక నోటంట అని ఎరగడు.

"ఇది మీరు చెప్పి రాయించారు."

"సంతకం తనదే కదమ్మా. నేను చెయ్యి పట్టుకుని పెట్టించలేదు. ఆయనకే అనుమానంగా ఉంది, మర్చిపోయానేమో అన్నాడు." గొంతు ఇంకా మెల్లగానే ఉంది. "దీని కాపీ పైవాళ్ళకు వెళ్ళిపోయింది. ఇప్పుడు కాదంటే, తెల్ల పొడి తగ్గించింది ఎవరు, ఆవిరి పెంచింది ఎవరు అని మొదలవుతుంది. నాకూ పిల్లలున్నారు."

"మా తమ్ముడికీ ఉన్నారు సార్."

"అందుకే ఉద్యోగం పోకుండా చూశాను. సోమవారం నుంచి లోడింగులో ఉంటాడు." గొట్టాల స్టాండును ఆవిడ వైపు జరిపాడు. "ఆవిరి తగ్గిస్తాను. తెల్ల పొడి మళ్ళీ వేయిస్తాను. ఇకముందు ఏ కోడీ కూలబడదు. మీకు కావలసింది అదే కదా?"

ఆవిడ స్టాండు చేతుల్లోకి తీసుకుంది. తనకు కావలసింది అదేనని మొన్నటిదాకా తనూ అనుకుంది.

ఆదివారం ఇంట్లో ఉండి దుప్పట్లు ఉతికింది. ఉతికినవే మళ్ళీ నానబెడుతుంటే ఆవిడ భర్త, "ఏమైంది?" అని అడిగాడు. ఏం లేదంది. తమ్ముడిల్లు రెండు వీధుల అవతలే. వెళ్ళి చెబితే వాడు ఊరుకోడు, మేనేజరు మీదికి వెళ్తాడు, ఉన్నది కూడా పోతుంది. చెప్పకపోతే ఏదో ఒకనాటికి మర్చిపోతాడు. మర్చిపోతాడనే మాట తన మనసులోకి వచ్చినందుకు ఆవిడకు తన మీద తనకే కంపరం పుట్టింది. దుప్పటి తొట్లోనే వదిలేసింది.

*

సోమవారం పదకొండింటికి కోళ్ళావిడ వ్యాను మాట్లాడుకుని వచ్చింది. తప్పు మిక్సర్ మనిషిదని చెప్పి, మిల్లు వాళ్ళు బదులు ఇస్తామన్న దాణా కోసం. బూడిదమ్మ మేడ కిటికీలోంచి చూసింది. లోడింగు అరుగు మీద నలుగురు మనుషులు, వాళ్ళలో తమ్ముడు. తలకు తువ్వాలు చుట్టుకున్నాడు. నలభై ఐదేళ్ళకు బస్తాలు మోయడం కొత్తగా నేర్చుకుంటున్నాడు. మిగతావాళ్ళు బస్తాను భుజం మీదికి విసురుకుంటుంటే అతను కౌగిలించుకుని తీసుకెళ్తున్నాడు.

కోళ్ళావిడ వ్యాను పక్కన నిలబడి పక్కవాణ్ణి ఏదో అడిగింది. వాడు గడ్డంతో తమ్ముడి వైపు చూపించాడు. తమ్ముడు బస్తాతో వ్యాను దగ్గరికి వచ్చేసరికి ఆవిడ అడ్డంగా నిలబడింది.

"నువ్వేనా మిక్సర్ మనిషివి?"

అతను తలూపాడు.

"దించు. నా బస్తా నువ్వు ముట్టుకోవద్దు."

అరుగు మీద పని ఆగిపోయింది. మాటలు మేడ మీదికి స్పష్టంగా వినిపిస్తున్నాయి.

"రెండు వేల నాలుగు వందల కోళ్ళు. బతికుండగానే చీమలు పట్టాయి వాటికి. కదల్లేవు కదా. నేనూ మా ఆయనా గొయ్యి తవ్వి ఒక్కోదాన్నీ మెడ విరిచి వేశాం. రెండు రోజులు పట్టింది. గిన్నెడు పొడి పోయడానికి నీకు బద్ధకమా?"

అతను బస్తా దించాడు. పిల్లాడిలా చేతులు కట్టుకుని, "తప్పయిందమ్మా. మర్చిపోయాను" అన్నాడు.

అప్పటికి బూడిదమ్మ మెట్ల మీద ఉంది. దిగుతున్నానని ఆవిడకే తెలియలేదు. ఎండలోకి వచ్చాక కళ్ళు బైర్లు కమ్మి ఒక్క క్షణం ఎవరూ కనబడలేదు.

"వాడు మర్చిపోలేదు" అంది. గొంతు తను అనుకున్నదానికంటే పెద్దగా వచ్చింది. "పిండి సీసాలు నా దగ్గరున్నాయి, పరీక్ష చేశాను. పొడి పడింది. ఆవిరి వేడి ఎక్కువై అది చచ్చిపోయింది. వేడి పెంచమన్నది మేనేజరుగారు. తెల్ల పొడి తగ్గించమన్నదీ ఆయనే. వీడి చేతిలో ఏ తప్పూ లేదు."

పైన మేనేజరు గది కిటికీ తెరిచే ఉంది.

కోళ్ళావిడ ముందుగా తేరుకుంది. కృతజ్ఞతేమీ లేదు ఆ చూపులో. "ఎప్పుడు తెలిసింది మీకు?"

"శనివారం."

"శనివారం తెలిసి, ఈ మనిషి చేత ఇప్పుడు తప్పయిందనిపించారా?"

బూడిదమ్మ తల దించుకుంది. కోళ్ళావిడ వ్యాను తలుపు పక్క నుంచి తప్పుకుంది. "ఎక్కించు నాయనా" అంది తమ్ముడితో, అటు చూడకుండానే.

ప్యూను పరిగెత్తుకుంటూ వచ్చాడు. "మేడం, సారు పిలుస్తున్నారు. వెంటనే రమ్మన్నారు. అలమార తాళాలు కూడా తెమ్మన్నారు."

"వస్తున్నానని చెప్పు. సీసాల లెక్క రిజిస్టర్‌లో ఎక్కించాను, కాపీ మా ఇంట్లో ఉందని కూడా చెప్పు." మొదటిది నిజం. రెండోది ఈ సాయంత్రానికి నిజం చేయాలి.

తమ్ముడు బస్తా ఎత్తలేదు. దాని మీదే కూర్చుండిపోయాడు. తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు.

"ఏడు బ్యాచ్‌లు కదక్కా ఆవిడవి."

"ఏడు."

"అన్నింటిలోనూనా?"

"అన్నింటిలోనూ. ఒక్క గ్రాము అటూ ఇటూ లేదు."

ఏడుస్తాడనుకుంది ఆవిడ. మేనేజరును తిడతాడనుకుంది, తననైనా తిడతాడనుకుంది. అతను లేచి, బస్తాకు రెండు చెవులూ దొరకబుచ్చుకుని, ఎత్తబోతూ ఆగాడు.

"సాయంత్రం ఒకసారి ఇంటికి రా అక్కా" అన్నాడు. "మా ఆవిడకు నువ్వే చెప్పు. నేను చెబితే నమ్మదు."